యుద్ధకాలపు మోటారు సైకిళ్ళ ప్రామాణికత నిర్ధారణ

యుద్ధకాలపు మోటారు సైకిళ్ళ ప్రామాణికత నిర్ధారణ అనగా రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో (1939–1945) సైన్యాల కొరకు తయారైన మోటారు సైకిళ్ళను గుర్తించి, అవి ఏ కర్మాగారంలో, ఏ కాలంలో తయారైనవో, తరువాత వాటిలో ఏయే భాగాలు మారినవో ఆధారాలతో తేల్చే పని. పాత బండిని పునరుద్ధరించడానికి ముందు చేయవలసిన పరిశోధన ఇది. ఇంజను, ఫ్రేముల మీద ఉన్న సంఖ్యలు, కర్మాగారపు రిజిస్టర్లు, రంగు పొరలు, పోత గుర్తులు, ఆ కాలపు ఛాయాచిత్రాలు దీనికి ముఖ్యమైన ఆధారాలు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. ఒకదానితో ఒకటి సరిచూసినప్పుడే బండి చరిత్ర తెలుస్తుంది. పరిశోధన పూర్తి కాకుండా మరమ్మత్తు మొదలుపెడితే, రంగు గీకివేయడంతోనే చాలా ఆధారాలు తిరిగిరాకుండా పోతాయి.

నేపథ్యం

టెలిఫోను తీగలు తెగినప్పుడు, రేడియో సందేశాలను శత్రువు వినే ప్రమాదం ఉన్నప్పుడు, ఆజ్ఞలను చేరవేయడానికి సైన్యాలు మోటారు సైకిలు వార్తాహరుల మీద ఆధారపడేవి. వాహన శ్రేణులకు దారి చూపడానికి, ముందుగా వెళ్ళి పరిసరాలను పరిశీలించడానికి కూడా ఈ బండ్లను వాడేవారు. ఈ అవసరాల కొరకు పలు దేశాలలో లక్షలాది బండ్లు తయారైనవి. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

- బి.ఎస్.ఎ. ఎం20: ఇంగ్లాండులోని బర్మింగ్‌హాంలో తయారైనది. 496 సి.సి. సైడ్ వాల్వు ఇంజను. సైన్యం కొరకు సుమారు 1,26,000 బండ్లు తయారైనవి.
- నార్టన్ 16హెచ్: ఇది కూడా బర్మింగ్‌హాం బండియే. 490 సి.సి. సైడ్ వాల్వు ఇంజను.
- మాచ్‌లెస్ జి3, జి3/ఎల్: లండన్‌లో తయారైన 350 సి.సి. బండ్లు. రెండు రకాలు కలిపి సుమారు 80,000. జి3కి గర్డర్ ఫోర్కు, 1941 నుండి వచ్చిన జి3/ఎల్‌కు టెలిస్కోపిక్ ఫోర్కు ఉంటాయి.
- రాయల్ ఎన్‌ఫీల్డ్ డబ్ల్యు.డి/సి, డబ్ల్యు.డి/సి.ఓ: రెడ్డిచ్‌లో తయారైన 350 సి.సి. తరగతి బండ్లు. మొదటిది సైడ్ వాల్వు, రెండవది ఓవర్‌హెడ్ వాల్వు.
- హార్లే-డేవిడ్‌సన్ డబ్ల్యు.ఎల్.ఎ: అమెరికాలోని మిల్వాకీలో తయారైన సుమారు 740 సి.సి. వి-ట్విన్ బండి. దీనిలో కెనడా సైన్యం కొరకు తయారైన రకాన్ని డబ్ల్యు.ఎల్.సి. అంటారు.
- బి.ఎం.డబ్ల్యు. ఆర్ 75, జుండాప్ కె.ఎస్. 750: సైడ్‌కారు చక్రానికి కూడా శక్తిని అందించే జర్మన్ బండ్లు.
- ఎం-72: బి.ఎం.డబ్ల్యు. ఆర్ 71 నమూనా ఆధారంగా సోవియట్ యూనియన్ తయారుచేసిన బండి.

యుద్ధం ముగిసిన తరువాత మిగులు బండ్లను ప్రభుత్వాలు పెద్ద సంఖ్యలో అమ్మివేసినవి. కొన్నవారు వాటికి నల్లరంగు వేసి, సైనిక సామగ్రిని తీసివేసి రోజువారీ పనులకు వాడుకున్నారు. భాగాలు అరిగిపోతే దొరికినవి బిగించారు. పాడైన రెండు మూడు బండ్ల నుండి ఒక బండిని నిలబెట్టుకున్నవారూ ఉన్నారు. నేడు పాత గోదాములలోను, పొలాల షెడ్లలోను బయటపడే బండ్లలో అనేకం ఇట్టి చేతులు మారినవే.

అసలైన బండి అంటే ఏమిటి

ప్రామాణికత విషయంలో తరచుగా జరిగే పొరపాటు, కర్మాగారం నుండి బయటకు వచ్చిన రూపం మాత్రమే అసలైనదని భావించడం. సైనిక వాహనానికి ఈ కొలత పూర్తిగా వర్తించదు. సైనిక వర్క్‌షాపులలో బండ్లను విప్పి, ఇంజన్లను ఒకచోట, గేరుబాక్సులను ఒకచోట బాగుచేసి, సిద్ధంగా ఉన్న భాగాలతో మళ్ళీ కూర్చేవారు. ఏ ఇంజను ఏ ఫ్రేము నుండి వచ్చినదనే పట్టింపు వారికి ఉండేది కాదు. అందువలన యుద్ధంలో నిజంగా పనిచేసిన బండిలో ఇంజను, ఫ్రేము వేర్వేరు బండ్లవి కావడం సహజం. పరిశోధకులు సాధారణంగా బండ్లను ఈ క్రింది స్థితులుగా విడదీస్తారు:

1. కర్మాగార స్థితి: తయారైనప్పటి ప్రధాన భాగాలన్నీ నిలిచి ఉన్నవి. ఇవి అరుదు.
2. సైనిక పునర్నిర్మాణ స్థితి: సైన్యం చేతిలోనే భాగాలు మారినవి. వర్క్‌షాపు బిగించిన పలక, దాని మీద ఉన్న తేదీ ఇందుకు సాక్ష్యం కావచ్చు.
3. పౌర వినియోగ స్థితి: యుద్ధం తరువాత రంగు, దీపాలు, సీటు మొదలైనవి మారినవి.
4. సమీకృత స్థితి: పలు బండ్ల భాగాలతోను, కొత్తగా చేసిన భాగాలతోను ఇటీవల కూర్చినవి.

నాల్గవ రకం బండిని ఆ మాట చెప్పి అమ్మితే అది మోసం కాదు. దానిని మొదటి రకంగా చూపినప్పుడే అది నకిలీ అవుతుంది. రెండవ రకం బండికి "సరిపోలే నంబర్లు" ఉండాలని కొత్త ఇంజను మీద పాత ఫ్రేము సంఖ్యను కొట్టేవారు అబద్ధాన్ని చేర్చడమే కాక, నిజమైన సైనిక చరిత్రను చెరిపివేసినవారు అవుతారు.

సంఖ్యల పరిశీలన

ఇంజను, ఫ్రేము సంఖ్యలు

కర్మాగారంలో ఇంజను మీద, ఫ్రేము మీద ఉక్కు పంచులతో సంఖ్యలను కొట్టేవారు. సంఖ్యకు ముందు ఉండే అక్షరాలు నమూనాను తెలుపుతాయి. ఉదాహరణకు యుద్ధకాలపు ఎం20 సంఖ్యలలో "డబ్ల్యు.ఎం20" అనే గుర్తు కనిపిస్తుంది. కొన్ని సంస్థలు ఇంజనుకు, ఫ్రేముకు ఒకే సంఖ్యను ఇచ్చినవి, కొన్ని వేర్వేరు వరుసలను వాడినవి. కాబట్టి ఆ సంస్థ ఆ కాలంలో అనుసరించిన పద్ధతిని తెలుసుకున్న తరువాతనే సంఖ్యలు సరిపోలినవా లేదా అనే ప్రశ్న వేయాలి.

పంచు ముద్రలను పరిశీలించేటప్పుడు అంకెల ఆకారం, పరిమాణం, లోతు, వరుస తీరు చూస్తారు. అదే కాలంలో అదే కర్మాగారంలో తయారైన మరికొన్ని బండ్ల ముద్రలతో పోల్చడం ఉత్తమ మార్గం. సంఖ్య ఉన్న చోటు పక్కనున్న పోత కంటె పల్లంగా ఉండడం, ఆకురాయి గీతలు కనిపించడం, ఆ ఒక్క చోటే లోహం నున్నగా మెరవడం అనుమానానికి కారణాలు. పంచు దెబ్బకు క్రింది లోహం కూడా నలుగుతుంది. అందువలన పైముద్రను అరగదీసినా, నిపుణులు ఆమ్లం పూసే పద్ధతి ద్వారా కొన్నిసార్లు పాత అంకెలను మళ్ళీ చూడగలరు. అయితే ముద్ర వంకరగా ఉండడం మాత్రమే నకిలీకి రుజువు కాదు. ఆ కాలంలో ఈ పని చేతితోనే జరిగేది.

హార్లే-డేవిడ్‌సన్ ప్రత్యేకత

డబ్ల్యు.ఎల్.ఎ. విషయంలో రెండు సంగతులు కొత్తవారిని తికమక పెడతాయి. మొదటిది, ఈ బండి ఫ్రేము మీద క్రమ సంఖ్య ఉండదు. గుర్తింపు సంఖ్య ఇంజను క్రాంకు కేసు ఎడమ భాగం మీద మాత్రమే ఉంటుంది. ఫ్రేముకు సంఖ్య లేదని దానిని నకిలీ అనరాదు. రెండవది, 1942 నుండి యుద్ధం ముగిసేవరకు తయారైన డబ్ల్యు.ఎల్.ఎ. బండ్ల సంఖ్యలన్నీ "42" తోనే మొదలవుతాయి. అంటే 1944లో తయారైన బండికి కూడా సంఖ్యలో 42 ఉంటుంది. కాబట్టి తయారైన సంవత్సరాన్ని క్రమ సంఖ్య ఎంత పెద్దది అనే దానిని బట్టి, భాగాల మీది పోత తేదీలను బట్టి అంచనా వేయాలి. క్రాంకు కేసు రెండు సగాలను కర్మాగారంలో జతగా కోసేవారు కనుక రెండింటి అడుగున ఒకే జత సంఖ్య ఉంటుంది. వీటిని "బెల్లీ నంబర్లు" అంటారు. ఇవి వేర్వేరుగా ఉంటే ఒక సగం తరువాత మారినదని అర్థం. కొరియా యుద్ధ కాలంలో డబ్ల్యు.ఎల్.ఎ. తయారీ మళ్ళీ జరిగినది. ఆ బండ్లను రెండవ ప్రపంచ యుద్ధపు బండ్లుగా లెక్కించరాదు.

సైనిక సంఖ్యలు

బ్రిటిష్ సైన్యం ప్రతి మోటారు సైకిలుకు "సి" అక్షరంతో మొదలయ్యే ఒక సంఖ్యను ఇచ్చి, దానిని పెట్రోలు ట్యాంకు రెండు వైపులా రంగుతో రాయించేది. దీనిని సెన్సస్ నంబరు అంటారు. ఇది కర్మాగారపు సంఖ్య కంటె వేరు. వాయుసేన బండ్లకు "ఆర్.ఎ.ఎఫ్." అనే అక్షరాలు ఉండేవి. కొన్ని ఒప్పందాలలో ఫ్రేము సంఖ్యలు, సెన్సస్ నంబర్లు రెండూ వరుసగా కేటాయించబడినవి కనుక ఒకదాని నుండి రెండవదానిని లెక్కగట్టవచ్చు. అయితే ట్యాంకు ఒక బండి నుండి మరొక బండికి సులభంగా మారే భాగం. ట్యాంకు మీద దొరికిన సంఖ్య ఆ ట్యాంకు చరిత్రను చెబుతుంది గాని, ఫ్రేము చరిత్రను చెప్పకపోవచ్చు. బ్రిటిష్ సైన్యం 1949లో కొత్త నమోదు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ తరువాత కూడా సేవలో కొనసాగిన బండ్ల ట్యాంకుల మీద రెండు పద్ధతుల సంఖ్యలూ పొరలుగా దొరకవచ్చు.

పత్రాల పరిశోధన

కర్మాగారం నుండి బండి బయటకు వెళ్ళినప్పుడు సంఖ్య, నమూనా, తేదీ, చేరవలసిన చోటు డిస్పాచ్ రిజిస్టరులో నమోదయ్యేవి. మూతపడిన పలు బ్రిటిష్ సంస్థల రిజిస్టర్లు నేడు ఔత్సాహికుల సంఘాల సంరక్షణలో ఉన్నవి. 1946లో బ్రిటన్‌లో స్థాపించబడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ గ్రంథాలయంలో బి.ఎస్.ఎ., ట్రయంఫ్ వంటి సంస్థల రికార్డులు ఉన్నవి. రెడ్డిచ్ కర్మాగారపు రిజిస్టర్లను రాయల్ ఎన్‌ఫీల్డ్ యజమానుల సంఘం భద్రపరచినది. ఇట్టి సంఘాలు రికార్డును పరిశీలించి, బండి వయస్సును ధ్రువీకరించే పత్రాన్ని ఇస్తాయి.

అన్ని రికార్డులూ మిగలలేదు. 1940 నవంబరు 14 రాత్రి కవెంట్రీ నగరం మీద జరిగిన జర్మన్ బాంబుదాడిలో ట్రయంఫ్ కర్మాగారం ధ్వంసమైనది. యంత్రాలతో పాటు సాంకేతిక పత్రాలు, నమూనా చిత్రాలు నాశనమైనవి. ఆ సంస్థ కొంతకాలం వార్విక్‌లో తాత్కాలికంగా పనిచేసి, 1942లో మెరిడెన్‌లోని కొత్త కర్మాగారానికి మారినది.

రిజిస్టరు చెప్పగలిగినదానికి ఒక హద్దు ఉన్నది. సైన్యానికి వెళ్ళిన బండి చేరిన చోటుగా సాధారణంగా సైనిక డిపో పేరు మాత్రమే ఉంటుంది. తరువాత అది ఏ దళానికి చేరినది, ఏ యుద్ధంలో పాల్గొన్నది అనే సంగతి అందులో ఉండదు. నార్మండీ తీరంలో దిగిన బండి, ఆర్నెమ్‌లో వాడిన బండి అని అమ్మకందారులు చెప్పే మాటలకు దళపు రికార్డు, సెన్సస్ నంబరు కనిపించే ఛాయాచిత్రం వంటి వేరే సాక్ష్యం కావాలి. అది లేనప్పుడు ఆ కథనాన్ని బండి చరిత్రలో చేర్చకుండా ఉండడమే సరియైన పద్ధతి.

విడిభాగాల జాబితాలు, మరమ్మత్తు పుస్తకాలు, ఆ కాలపు ఛాయాచిత్రాలు మరొక వర్గపు ఆధారాలు. ఒక భాగం ఏ ఒప్పందం నుండి మారినదో విడిభాగాల జాబితా చూపుతుంది. ఛాయాచిత్రాలలో తేదీ, ప్రదేశం తెలిసినవే విలువైనవి.

భౌతిక ఆధారాలు

రంగు పొరలు

ట్యాంకు అడుగున, పలకల వెనుక, బిగింపుల సందులలో పాత రంగు మిగిలి ఉంటుంది. సన్నని గరుకు కాగితాన్ని నీటితో తడిపి నెమ్మదిగా రుద్దితే పొరలు ఒకదాని తరువాత ఒకటిగా కనిపిస్తాయి. బ్రిటిష్ సైన్యం యుద్ధ ఆరంభంలో ఖాకీ గ్రీన్ నం. 3 అనే ఆకుపచ్చను వాడినది. తరువాత ఆకుపచ్చ రంగుద్రవ్యం కొరత వలన ఎస్.సి.సి. 2 అనే గోధుమ రంగు వచ్చినది. 1944లో ఎస్.సి.సి. 15 అనే ఆలివ్ రంగుకు మారారు. ఎడారి ప్రాంతాలకు లేత ఇసుక రంగులు వాడారు. జర్మన్ సైన్యం 1943 ఫిబ్రవరి వరకు ముదురు బూడిద రంగును, ఆ తరువాత ముదురు పసుపును మూలరంగుగా వాడినది. కాబట్టి 1941 నాటి ఎం20 ఫ్రేము మీద అడుగు పొరగా 1944 నాటి ఆలివ్ రంగు మాత్రమే ఉంటే, ఆ ఫ్రేమును ఒకసారి పూర్తిగా గీకి మళ్ళీ రంగు వేసినట్లు భావించవచ్చు.

కొరతల జాడలు

1942 ఆరంభంలో మలయాను జపాన్ ఆక్రమించడంతో మిత్రరాజ్యాలకు సహజ రబ్బరు ప్రధాన వనరు పోయినది. దాని ఫలితం మోటారు సైకిలు మీద నేరుగా కనిపిస్తుంది. బ్రిటిష్ బండ్లలో హ్యాండిల్‌బారు రబ్బరు పిడుల స్థానంలో కాన్వాసు పిడులు, ఫుట్‌రెస్టుల మీద రబ్బరు స్థానంలో ఉక్కు తొడుగులు వచ్చినవి. ట్యాంకుకు ఇరుపక్కల ఉండే మోకాలి రబ్బర్లను తీసివేశారు. 1943 నాటి బండికి మెరిసే రబ్బరు పిడులు ఉంటే అవి తరువాత చేర్చినవి కావచ్చు. ఇట్టి మార్పులు ఒక్క రోజున జరగలేదు. గోదాములో పాత భాగాలు అయిపోయే వరకు వాటినే బిగించేవారు కనుక రెండు మూడు నెలల తేడాను తప్పుగా భావించరాదు.

సైనిక సామగ్రి

వెలుగు ఆకాశం నుండి కనిపించకుండా హెడ్‌లైటుకు బిగించిన మూత, వెనుక సంచులను మోసే చట్రం, వెడల్పైన స్టాండు అడుగు వంటివి సైనిక గుర్తులు. ధూళి ప్రాంతాల కొరకు ఎం20 పెట్రోలు ట్యాంకు మీద వోక్స్ సంస్థ పెద్ద గాలి ఫిల్టరును అమర్చారు. దానికి చోటిచ్చేందుకు ట్యాంకు పైభాగంలో పల్లం చేశారు. నేడు ఇట్టి సామగ్రిలో చాలా భాగం కొత్తగా తయారై మార్కెట్లో దొరుకుతున్నది. అందువలన విప్పి బిగించగలిగే సామగ్రిని బట్టి బండిని నిర్ధారించరాదు.

పొరపాటుగా గుర్తించబడే బండ్లు

అరుదైన బండికి విలువ ఎక్కువ కావడంతో, పోలిక ఉన్న సామాన్యమైన బండిని దాని స్థానంలో చూపడం జరుగుతుంటుంది.

ఎం-72, జర్మన్ బండ్లు: ఎం-72 తయారీ 1941లో మాస్కోలో మొదలైనది. జర్మన్ సైన్యం నగరానికి చేరువ కావడంతో కర్మాగారాన్ని ఉరల్ ప్రాంతంలోని ఇర్బిత్‌కు తరలించారు. యుద్ధం తరువాత కూడా ఈ రకం బండ్లు సోవియట్ యూనియన్‌లో, అనంతరం చైనాలో చాంగ్‌జియాంగ్ పేరుతో తయారైనవి. వీటికి బూడిద రంగు వేసి జర్మన్ యుద్ధపు బండ్లుగా చూపడం తరచుగా జరుగుతుంది. తేడా గుర్తించడం కష్టం కాదు. ఎం-72 సైడ్ వాల్వు ఇంజను గలది, వెనుక చక్రానికి ప్లంజర్ సస్పెన్షన్ ఉంటుంది. ఆర్ 75 ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను గలది, దాని వెనుక చక్రానికి సస్పెన్షన్ ఉండదు. ఆర్ 71ను ఎం-72 నుండి వేరుచేయడం మాత్రం నిపుణుల పని, ఎందుకంటే రెండవది మొదటిదాని ప్రతిరూపమే.

హార్లే-డేవిడ్‌సన్ ఎక్స్.ఎ: బి.ఎం.డబ్ల్యు. తరహాలో ఎదురెదురు సిలిండర్లు, షాఫ్టు డ్రైవు గల అమెరికన్ బండి. 1,000 మాత్రమే తయారైనవి. అరుదైనది కనుక ఇంజను సంఖ్యను, ఫ్రేమును విడివిడిగా పరిశీలించాలి.

వెల్‌బైకు, కార్గి: పారాచూట్ గొట్టంలో పట్టేటట్లు మడిచే వెల్‌బైకు 98 సి.సి. విలియర్స్ ఇంజను గల చిన్న బండి. దాని పోలికలోనే యుద్ధం తరువాత బ్రాక్‌హౌస్ సంస్థ కార్గి అనే పౌర స్కూటరును తయారుచేసినది. కార్గికి ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన అది వెల్‌బైకు కాదు.

బుల్లెట్: భారతదేశంలో సుపరిచితమైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు సైనిక ఆకుపచ్చ వేసి యుద్ధకాలపు బండి అనుకోవడం మరొక పొరపాటు. టెలిస్కోపిక్ ఫోర్కు, వెనుక స్వింగింగ్ ఆర్మ్ సస్పెన్షన్ గల బుల్లెట్ నమూనా 1949 నుండి వచ్చినది. మద్రాసులో దాని కూర్పు 1955లో మొదలైనది. యుద్ధకాలపు డబ్ల్యు.డి/సి.ఓ.కు ముందు గర్డర్ ఫోర్కు ఉంటుంది, వెనుక సస్పెన్షన్ ఉండదు.

చలనచిత్రాలు కూడా ఇట్టి భ్రమకు కారణమైనవి. 1963లో విడుదలైన "ది గ్రేట్ ఎస్కేప్" చిత్రంలో జర్మన్ సైనిక బండిగా కనిపించేది నిజానికి రంగు మార్చిన ట్రయంఫ్ టి.ఆర్.6. అది యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు తయారైన బండి.

పునరుద్ధరణకు ముందు పాటించవలసిన క్రమం

1. బండిని కడగక ముందే అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయాలి.
2. ఇంజను, ఫ్రేము, గేరుబాక్సు, ఫోర్కుల మీద ఉన్న సంఖ్యలను, పోత గుర్తులను విడివిడిగా రాసుకోవాలి. సంఖ్యల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవడం మంచిది.
3. సంబంధిత సంఘం వద్ద రిజిస్టరును పరిశీలింపజేయాలి.
4. రంగు పొరలను చిన్న చిన్న చోట్ల మాత్రమే పరీక్షించాలి.
5. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టి, పారవేయవలసినది అనిపించినా దాచాలి.
6. ఏ స్థితికి పునరుద్ధరించాలో నిర్ణయించి, మార్చిన భాగాల జాబితాను బండితో పాటు ఉంచాలి.

సాండ్ బ్లాస్టింగు, పౌడర్ కోటింగు పనులను ఈ క్రమం పూర్తయ్యే వరకు చేయరాదు. ఒత్తిడితో విసిరే ఇసుక తుప్పుతో పాటు సెన్సస్ నంబరును, వర్క్‌షాపు ముద్రలను తుడిచివేస్తుంది. దళసరి పౌడర్ పూత పంచు ముద్రలను కప్పివేస్తుంది. పాత రంగు బాగా నిలిచి ఉన్న బండిని పునరుద్ధరించకుండా, తుప్పు పెరగకుండా మాత్రమే కాపాడడం మేలని పలువురు సంరక్షకుల అభిప్రాయం. బండిని ఎన్నిసార్లయినా కొత్తగా చేయవచ్చును గాని, మొదటి రంగును మళ్ళీ తేలేరు.

భారతదేశంలో

బ్రిటిష్ ఇండియా సైన్యం వాడిన బ్రిటిష్ బండ్లలో కొన్ని యుద్ధం తరువాత దేశంలోనే పౌరుల చేతికి వచ్చినవి. విడిభాగాలు దొరకని కాలంలో స్థానిక మెకానిక్కులు లేతు మీద చేసిన భాగాలతో వీటిని దశాబ్దాల పాటు నడిపించారు. అట్టి భాగాలు కర్మాగారపువి కాకపోయినా బండి చరిత్రలో భాగమే కనుక వాటిని కూడా నమోదు చేసుకోవాలి.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ పాతకాలపు వాహనాల నమోదుకు నియమాలను ప్రకటించినది. వీటి ప్రకారం మొదటి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు. అయితే వాటి చట్రం, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు. నమోదు సంఖ్యలో "వి.ఎ." అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. ఈ వాహనాలను రోజువారీ రాకపోకలకు గాని, వాణిజ్యానికి గాని వాడరాదు. ఈ నియమాల వలన భారతీయ యజమానికి కూడా బండి మూలరూపాన్ని ఆధారాలతో చూపవలసిన అవసరం ఏర్పడినది. ఇంజను, చట్రం సంఖ్యలను చెరిపి మళ్ళీ కొట్టిన బండి నమోదు సమయంలో చిక్కులలో పడుతుంది.

ఇవి కూడా చూడండి

- రెండవ ప్రపంచ యుద్ధం
- మోటారు సైకిలు
- రాయల్ ఎన్‌ఫీల్డ్
- హార్లే-డేవిడ్‌సన్
- బర్మింగ్‌హాం